ఒక్క టీకాను మాత్రమే వద్దన్న తల్లి: మినియాపోలిస్‌లోని ఒక సోమాలీ కుటుంబం

నేను అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో, మినియాపోలిస్ నగరంలో పిల్లల వైద్యం చేస్తున్నాను. మా క్లినిక్‌కు వచ్చే కుటుంబాల్లో చాలా భాగం సోమాలీలవే. ఇక్కడ రాస్తున్న కేసు 2017లో మా నగరంలో తట్టు, అంటే మీజిల్స్, వ్యాపించి తగ్గిన తరువాతి సంవత్సరాలది. కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకుండా వయసులు, బంధుత్వాలు, ఊళ్లు కొన్ని మార్చాను. తల్లికి విషయమంతా చెప్పి, ఆమె సరేనన్న తరువాతే రాస్తున్నాను. పైకి ఇది టీకా వేయించుకోని ఒక పిల్ల కథే. అయితే ఇంటర్నెట్ వచ్చాక సోమాలీ ఇళ్లలో ఎవరి మాటకు ఎంత విలువ ఉందో, ఆ విలువ ఎటునుంచి ఎటు జరిగిందో ఈ కేసులో కనిపించినంత స్పష్టంగా నాకు మరెక్కడా కనిపించలేదు.

నేపథ్యం

సోమాలియాలో 1991 జనవరిలో ప్రభుత్వం కూలిపోయాక లక్షల మంది దేశం విడిచారు. అమెరికా రాష్ట్రాల్లో సోమాలీలు అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది మినెసోటాలోనే. వారిలో చాలామంది కెన్యాలోని దదాబ్ శరణార్థి శిబిరాల మీదుగా వచ్చినవారు. ఒకే ఇంటివాళ్లు మొగదిషులో కొందరు, నైరోబీలోని ఈస్ట్‌లీలో కొందరు, లండన్‌లో, టొరంటోలో, మినియాపోలిస్‌లో మరికొందరుగా ఉండటం ఇక్కడ సర్వసాధారణం. కాబట్టి ఫోను వీరికి కాలక్షేపం కోసం కొన్న వస్తువు కాదు. నెలనెలా డబ్బు పంపడం, పెళ్లి సంబంధాలు మాట్లాడుకోవడం, వంశంలో ఎవరికైనా ఆపద వస్తే చందాలు పోగుచేయడం అన్నీ దాని మీదే జరుగుతాయి.

మరో సంగతి కూడా చెప్పాలి. సోమాలీ భాషకు అధికారిక లిపి 1972లో గానీ రాలేదు. అంతకుముందే కాదు, ఆ తరువాత కూడా వార్తలు, కవిత్వం, పెద్దమనుషుల తీర్పులు ఎక్కువగా నోటి మాటగానే నడిచాయి. 1957లో మొదలైన బీబీసీ సోమాలీ ప్రసారాలను పదిమంది ఒకచోట కూర్చుని వినేవారు. 1979లో మొదలై ఎందరో కవుల మధ్య సాగిన 'దీల్లే' అనే రాజకీయ కవితా సంవాదం క్యాసెట్ల మీదుగానే దేశమంతా పాకింది. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపే సదుపాయం వచ్చినప్పుడు వీరు కొత్తగా ఏమీ నేర్చుకోనక్కరలేకపోయింది. మాట్లాడేది ఎవరు, ఎవరి బిడ్డ, తాను చూసి చెబుతోందా, విని చెబుతోందా అని గొంతును బట్టి తూకం వేసుకునే అలవాటు తరాలుగా ఉన్నదే.

టీకాల సంగతికి వస్తే, 2004లో మినెసోటాలోని రెండేళ్ల సోమాలీ పిల్లల్లో 92 శాతం మంది తట్టు, గవదలు, రుబెల్లాకు వేసే ఎమ్.ఎమ్.ఆర్. టీకా తీసుకున్నవారే. మిగతా పిల్లలకంటే వీరే ముందుండేవారు. 2014 నాటికి అది 42 శాతానికి పడిపోయింది. మధ్యలో జరిగినదేమిటంటే, తమ పిల్లల్లో ఆటిజం ఎక్కువగా ఉందన్న ఆందోళన 2008 ప్రాంతంలో తల్లిదండ్రుల్లో మొదలైంది. దానికి సరైన జవాబు చెప్పేవారు లేకపోయారు. ఆ ఖాళీలోకి టీకా వ్యతిరేకులు వచ్చారు. ఎమ్.ఎమ్.ఆర్.కూ ఆటిజానికీ ముడిపెట్టిన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ 1998 నాటి వ్యాసాన్ని లాన్సెట్ అనే వైద్య పత్రిక 2010లో ఉపసంహరించుకుంది, అదే ఏడు బ్రిటన్‌లో ఆయన వైద్య గుర్తింపు రద్దయింది. ఆ తరువాత కూడా ఆయన మినియాపోలిస్ వచ్చి సోమాలీ తల్లిదండ్రులతో మాట్లాడి వెళ్లారు. 2017లో రాష్ట్రంలో 75 మందికి తట్టు సోకితే అయిదింట నలుగురు సోమాలీ కుటుంబాల వారే.

కుటుంబం, సమస్య

తల్లి దదాబ్‌లో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా వచ్చింది. తండ్రి లారీ నడుపుతాడు, వారంలో ఎక్కువ రోజులు దారిలోనే. పెద్దవాడికి ఆరేళ్లు, ఆటిజం ఉంది, మాటలు చాలా తక్కువ. తరువాత రెండేళ్లు దాటిన ఆడపిల్ల, ఆ తరువాత నెలల పిల్లవాడు. తల్లికి తల్లి, అంటే పిల్లల అమ్మమ్మ, వారితోనే ఉంటుంది.

ఆడపిల్లకు చెవిపోటు వస్తే తీసుకొచ్చారు. చెవి చూసి మందు రాశాక టీకాల పట్టిక తెరిచాను. పోలియో, కోరింత దగ్గు, న్యూమోనియా టీకాలన్నీ తేదీ తప్పకుండా వేయించారు. ఎమ్.ఎమ్.ఆర్. గడి ఒక్కటే ఖాళీ. ఈ కేసులో నేను గట్టిగా పట్టుకున్న మొదటి ఆధారం ఆ గడే. టీకాలంటేనే పడని ఇంట్లో పట్టిక ఇలా ఉండదు. వైద్యం మీద, ప్రభుత్వం మీద, మా మీద ఈమెకు మొత్తంగా అపనమ్మకం లేదు. ఒక నిర్దిష్టమైన భయం ఒక నిర్దిష్టమైన సూదికి అంటుకుని ఉంది. అలాంటప్పుడు 'టీకాల ప్రాముఖ్యం' గురించి చెప్పడం వల్ల ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే అది ఆమె ఒప్పుకున్న విషయమే.

అడిగితే దాచకుండా చెప్పింది. పెద్దవాడు ఏడాది దాటాక నాలుగైదు మాటలు పలికేవాడట. టీకా వేశాక అవి కూడా పోయాయట. ఆడపడుచు వేరే దేశంలో ఉంటుంది, ఆమె కొడుకుకూ అలాగే జరిగిందట.

చేసినవి, ఫలించనివి

మొదట అందరం చేసేదే చేశాను. లెక్కలు చూపించాను. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షలకు పైగా పిల్లలను ఏళ్ల తరబడి గమనించి 2019లో ప్రకటించిన ఫలితాలు ఈ కుటుంబానికి అతికినట్టు సరిపోతాయనుకున్నాను, ఎందుకంటే అన్నకో అక్కకో ఆటిజం ఉన్న పిల్లలను అందులో విడిగా కూడా పరిశీలించారు; వారిలో సైతం టీకా వల్ల ముప్పు పెరగలేదు. మా ఇంటర్‌ప్రెటర్ సోమాలీ మహిళ, చక్కగా చెప్పింది. తల్లి శ్రద్ధగా విని, "డాక్టర్ గారూ, మీరు అబద్ధం చెబుతున్నారని నేననడం లేదు. మా ఆడపడుచు కళ్లారా చూసింది. వాళ్లు ఆరు లక్షల మందిని చూశారేమో గానీ మా పిల్లవాణ్ని చూడలేదు కదా" అంది. ఆమె దృష్టిలో ముఖం తెలియని లక్షల మంది కంటే పేరు తెలిసిన ఒక్క సాక్షి ఎక్కువ. దీన్ని చదువు లేమి అనుకుంటే పొరపాటు. ఆమె కాలేజీలో రెండేళ్లు చదివింది, ఇంగ్లీషు నాతో సమానంగా మాట్లాడుతుంది. ఇంటర్‌ప్రెటర్‌ను పెట్టుకున్నది పక్కన కూర్చున్న అమ్మమ్మ కోసం.

తరువాతి విజిట్‌లో, ఆడపడుచు ఫోనుకు పంపిన వాయిస్ మెసేజ్ వినిపించమన్నాను. స్క్రీన్ ఒక మూల పగిలింది. తెర మీద 'చాలాసార్లు ఫార్వర్డ్ అయింది' అన్న గుర్తు, దాని కింద పొడవాటి ఆకుపచ్చ గీత. సలాముతో మొదలై, తాను ఫలానా వారి కూతురిననీ, దేవుని మీద ఆన అనీ చెప్పుకుని, ఒక స్త్రీ తన కొడుకు గురించి ఏడుపు ఆపుకుంటూ మాట్లాడింది. అది ఆడపడుచు గొంతు కాదు. ఆడపడుచు తనకు వచ్చినదాన్ని పంపింది. అందులోని తప్పులను నేను ఒక్కొక్కటిగా చూపించాను: తేదీలు పొసగవు, టీకా పేరే తప్పు. తల్లి ముఖం ముడుచుకుపోయింది. తప్పు పట్టింది మెసేజ్‌నే అయినా ఆమెకు అది ఏడుస్తున్న తల్లిని అబద్ధాలకోరు అన్నట్టు వినపడింది. ఆ తరువాత ఒక అపాయింట్‌మెంట్‌కు రాలేదు.

మూడో దారి మసీదు. మా దగ్గర ఆరోగ్య శాఖ కూడా 2017లో ఇమాముల సహాయం తీసుకుంది, అది మంచి పనే. ఈ తల్లి కుటుంబం వెళ్లే మసీదు ఇమాము నాకు పరిచయస్థుడు, టీకా వేయించమని శుక్రవారం ప్రసంగాల్లో చెప్పినవాడు. ఆయనతో మాట్లాడమన్నాను. తల్లి మాట్లాడింది. ఆ మాటల్లో అంతవరకూ లేని కొత్త అభ్యంతరం ఒకటి పుట్టుకొచ్చింది: టీకాలో పంది జెలటిన్ ఉందని యూట్యూబ్‌లో విన్నదట. అమెరికాలో అప్పుడు వాడుకలో ఉన్న ఎమ్.ఎమ్.ఆర్. టీకాలో అది నిజంగానే ఉంది (లేని టీకాకు ఇక్కడ అనుమతి వచ్చింది 2022లో). దాచి లాభం లేదు, దాస్తే ఉన్న కాస్త నమ్మకం పోతుంది, ఉందనే చెప్పాను. పదార్థం స్వభావమే మారిపోయేలా శుద్ధి చేసిన జెలటిన్‌కు నిషేధం వర్తించదని 1995లో కువైట్‌లో సమావేశమైన ఇస్లామిక్ పండితులు, వైద్యులు తేల్చిన సంగతి ఇమామే ఆమెకు వివరించాడు. ఆమె ఒప్పుకుంది కూడా. అయినా టీకాకు రాలేదు.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సి వచ్చింది. ముస్లిం సమాజం కాబట్టి ఇమాము చెబితే వింటారన్న అంచనా ఒక తరం కిందటి సోమాలీలకు సరిపోయేదేమో. ఇంటర్నెట్ ఆ స్థానాన్ని తలకిందులు చేసింది. పేటలో ఉన్న ఇమాము దొరికే నలుగురిలో ఒకడయ్యాడు. ఈ తల్లి వంట చేసుకుంటూ నైరోబీలోని ఒక షేక్ ప్రశ్నోత్తరాలు వింటుంది, గల్ఫ్‌లో చదువుకున్న మరొకరి ఉపన్యాసాలు వింటుంది, ఇద్దరికీ పడకపోతే తనకు నచ్చినది ఎంచుకుంటుంది. మా పేట ఇమాము మీద గౌరవం తగ్గలేదు, ఆయన మాట ఆఖరి మాటగా ఉండటం మాత్రం తగ్గింది. అంతకంటే ముఖ్యం, మతపరమైన అభ్యంతరం తీరినా నిర్ణయం మారలేదంటే మూలం అక్కడ లేదన్నమాట. జెలటిన్ ప్రశ్న భయానికి దొరికిన మర్యాదైన మాట మాత్రమే.

దారి మళ్లించిన ప్రశ్న

నెలల పిల్లవాడి పరీక్షకు వచ్చినప్పుడు టీకా ఊసెత్తకూడదని ముందే అనుకున్నాను. పెద్దవాడి గురించి అడిగాను. ఆటిజం అని ఎప్పుడు తెలిసింది, ఎవరు చెప్పారు, ఆ రోజు ఇంటికి వెళ్లి ఏం చేశావు అని. తెలియడానికే నాలుగేళ్లు దాటిందట. అంతకుముందు వేరే క్లినిక్‌లో రెండు భాషల ఇళ్లలో పిల్లలకు మాటలు ఆలస్యమేనని చెప్పి పంపేశారట. థెరపీకి ఏడాది పైగా వరుసలో ఉన్నారు. బంధువులు దిష్టి అన్నారు, జిన్ను అన్నారు, ఖురాన్ చదివి ఊదించారు. పెళ్లిళ్లకు పిల్లవాణ్ని తీసుకురావద్దని నోటితో అనకుండానే తెలిసేలా చేశారు. ఆటిజం ఉన్న పిల్లల సోమాలీ తల్లుల వాట్సాప్ గ్రూపులో చేరాకనే, తన పిల్లవాడి జబ్బు పేరు పైకి చెప్పగలిగిందట.

ఆ గ్రూపు చూపించమంటే పైనుంచి కిందికి జరుపుతూ చూపించింది. తెల్లన్నం తప్ప ఏదీ ముట్టని పిల్లవాడికి మాంసం ఎలా తినిపించాలి, స్కూలు బస్సులో బెల్టు విప్పుకునేవాడిని ఏం చేయాలి, పెద్ద సైజు డైపర్లు ఎక్కడ చవక, రాత్రి రెండింటికి నిద్రపోని పిల్లవాడి పక్కన మేలుకుని ఉన్న తల్లి పంపిన ప్రార్థన, మధ్యలో మన చిట్టీల్లాంటి 'అయూతో' ఈ నెల ఎవరి వంతో గుర్తుచేసే మెసేజ్. వాటి నడుమ ఎక్కడో ఒకచోట టీకా మీద ఆ గొంతు.

నా నిర్ణయాలన్నీ దీనితో మారాయి. క్లినిక్ చేయని పని, బంధువులు చేయని పని ఆ గ్రూపు చేసింది. తరతరాలుగా గుట్టుగా దాచిన విషయాన్ని సిగ్గు లేకుండా మాట్లాడుకునే చోటు ఇచ్చింది. టీకా భయం ఆ ఆదరణతో కలిసి వచ్చింది. భయాన్ని కాదనమంటే ఆదరించిన వాళ్లను కాదనమన్నట్టే. ఏ తల్లి ఆ పని చేస్తుంది? కాబట్టి గ్రూపును విమర్శించడం పూర్తిగా మానేయాలనీ, మేము ఇంతవరకూ ఎగ్గొట్టిన పనిని మేమే చేయాలనీ అనుకున్నాను.

పెద్దవాడి థెరపీ కోసం మా సోషల్ వర్కర్ వెంటపడి తిరిగింది. ఆడపిల్లకు టీకా ప్రస్తావన లేకుండానే ఆటిజం పరీక్ష చేశాం: తల్లి చేత ప్రశ్నావళి నింపించి, ఆపైన పిల్ల ఆటను కూర్చుని గమనించాను. పిల్ల చూపుడు వేలితో కిటికీ బయట ఉడుతను చూపించి, తల్లి కూడా చూసిందో లేదో అని వెనక్కి తిరిగి చూసింది. "ఇదిగో, ఇదే నేను వెతికేది" అన్నాను. పెద్దవాడు ఆ వయసులో అలా చేసేవాడా అని అడిగితే, చాలాసేపు ఆలోచించి, టీకాకు ముందు కూడా చేసిన గుర్తు లేదంది. నేను దాన్ని పట్టుకుని వాదించలేదు. టీకా వేసినా వేయకపోయినా ఈ పరీక్ష మళ్లీ మళ్లీ చేస్తామని మాత్రం చెప్పాను. మినియాపోలిస్‌లో 2013లో వెలువడిన అధ్యయనంలో సోమాలీ పిల్లల్లో సుమారు 32 మందిలో ఒకరికి ఆటిజం తేలింది, తెల్లవారిలోనూ దాదాపు అంతే. కానీ ఆటిజం ఉన్న సోమాలీ పిల్లలందరికీ మేధోవైకల్యం కూడా ఉంది. అంటే వీరి ఆందోళన ఊహ నుంచి పుట్టింది కాదు, దానికి వారు చెప్పుకున్న కారణమే తప్పు. ఈ రెండింటినీ విడదీసి, మొదటిదానికి తలవంచితే తప్ప రెండోదాని గురించి మాట్లాడే అర్హత మాకు రాదు.

అమ్మమ్మ

ఇంతకాలం అమ్మమ్మ పక్కనే కూర్చుని ఏమీ మాట్లాడేది కాదు. ఒకరోజు ఇంటర్‌ప్రెటర్ మర్యాదకు, "మీ రోజుల్లో తట్టు చూశారా, అమ్మా?" అని అడిగింది. 1992 కరువులో సోమాలియాలోని బైదోవా దగ్గర తన ఇద్దరు పిల్లలను ఒకే వారంలో తట్టు తీసుకుపోయిందని ఆమె చెప్పింది. ఒళ్లంతా పొక్కి, కళ్లు మూసుకుపోయి, చివరికి ఊపిరి అందక పోయారని. ఆ కరువులో శిబిరాల్లోని పిల్లలను ఆకలి కంటే తట్టు, విరేచనాలే ఎక్కువగా పొట్టనబెట్టుకున్నాయని నేను పుస్తకంలో చదివినవాణ్ని. కూతురికి ఇద్దరు తోబుట్టువులు పోయారని తెలుసు, 'కరువులో పోయారు' అనే తెలుసు.

ఇంట్లోనే ఉన్న సాక్షి ఇన్నాళ్లూ ఎందుకు నోరు విప్పలేదన్నది నన్ను చాలాకాలం ఆలోచనలో పడేసింది. అడిగేవారు లేకపోవడం ఒక కారణం. రెండోది లోతైనది. అమ్మమ్మ ఖాదిరియ్యా సూఫీ సంప్రదాయంలో పెరిగింది; సాధువుల సమాధులకు మొక్కులు, మెడలో తాయెత్తు ఆమెకు మతంలో భాగం. కూతురు ఆన్‌లైన్ ఉపన్యాసాల ద్వారా అవన్నీ ఆచారమే తప్ప మతం కాదని, కొన్ని తప్పు కూడానని నేర్చుకుంది. పెద్దవాడి మెడలో అమ్మమ్మ కట్టిన తాయెత్తు తీసేసింది. మతం విషయంలో పెద్దామె మాట చెల్లకుండా పోయాక జబ్బుల విషయంలోనూ చెల్లుబాటు కాకుండా పోయింది. 'ఆ రోజుల మాటలు' అన్న మూటలో అన్నీ కలిసి కట్టేశారు.

అయితే ఈ మార్పును కేవలం నష్టంగా లెక్కవేయలేను. బంధువుల పెళ్లికి ఈస్ట్‌లీ వెళుతున్నామని చెప్పినప్పుడు, ఆడపిల్లల జననాంగాల కోత గురించి నేను అడగవలసి వచ్చింది. సోమాలియాలో 2020 సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 99 శాతం మందికి అది జరిగింది. మినెసోటాలో అది నేరం. ఇది అడగడం ఏ డాక్టరుకూ సుఖంగా ఉండదు. తల్లి తడుముకోలేదు: "అది ఆచారం, మతం కాదు. షేకుల నోటనే విన్నాను. నా కూతురి జోలికి ఎవరినీ రానివ్వను." తాయెత్తును తీయించిన తర్కమే కూతుర్ని కాపాడుతోంది. అమ్మమ్మ మాటను తోసేసిందీ అదే తర్కం. ఇంటర్నెట్ మంచిదా చెడ్డదా అని నన్ను అడిగేవారికి ఈ ఇల్లు చూపించాలనిపిస్తుంది.

ఫలితం

ప్రయాణం దగ్గర పడుతుండగా తల్లి తానే ఫోన్ చేసి ఆడపిల్లకు టీకా వేయిస్తానంది. నెలల పిల్లవాడికి మాత్రం వద్దంది. ఆరు నుంచి పదకొండు నెలల పిల్లలకు కూడా విదేశీ ప్రయాణానికి ముందు ఒక డోసు వేయాలని సిఫార్సు ఉంది, అందుచేత ఒత్తిడి చేయడానికి నాకు ఆధారం లేకపోలేదు. ఆమె లెక్క వేరు: ఆటిజం మగపిల్లల్లో ఎక్కువ, అన్న మగవాడు, ఆడపడుచు పిల్లవాడూ మగవాడే. ఆ లెక్కలో మొదటి మాట నిజమే. పట్టుబడితే ఇద్దరికీ వేయించకుండా వెళ్లిపోయే ప్రమాదం స్పష్టంగా కనబడింది. చిన్నవాడికి ముప్పు ఏమిటో, అక్కడ జ్వరం, దద్దుర్లు కనిపిస్తే ఏం చేయాలో వివరంగా చెప్పి, ఆడపిల్లకు వేశాను. ఇది సర్దుబాటే. సహోద్యోగుల్లో కొందరు ఇప్పటికీ దీన్ని ఒప్పుకోరు. వాళ్ల వాదనలో బలం ఉంది. తొమ్మిది నెలల పసివాడి విషయంలో అదృష్టం మీద ఆధారపడటం వైద్యం కాదు. ఇద్దరినీ పోగొట్టుకోవడం కంటే ఒక్కరిని దక్కించుకోవడం మేలన్నదే నా లెక్క.

టీకా తరువాత చెప్పిన ప్రకారమే ఆడపిల్లను పిలిచి, మాటలు, ఆటలు గమనించి రాసుకున్నాం. ప్రయాణం నుంచి అందరూ క్షేమంగా వచ్చారు. అమ్మమ్మ చెప్పిన బైదోవా సంగతిని తల్లి ఆమె గొంతుతోనే రికార్డు చేసి గ్రూపులో పెట్టిందని తరువాత తెలిసింది. మా ప్రచారానికి అది ఎంతో పనికొచ్చేదే. క్లినిక్ తరఫున వాడుకుందామని ఒకరు సూచించారు కూడా. నేను వద్దన్నాను. మా చేతికి వచ్చిన మరుక్షణం అది ఆసుపత్రి మాట అవుతుంది. పైగా గొంతును బట్టి మనిషిని పోల్చే సమాజంలో పేరు తీసేసినంత మాత్రాన గుట్టు దాగదు.

చిన్నవాడికి కోవిడ్ కాలం దాటాక, మూడేళ్లప్పుడు, మాటలు నిండుగా వచ్చాయని తల్లికి నమ్మకం కుదిరాక, మొదటి డోసు పడింది. ఇప్పుడు మా క్లినిక్‌లో ఎమ్.ఎమ్.ఆర్. వద్దన్న ప్రతి ఇంట్లోనూ ముందు ఆటిజం పరీక్ష, ఆ తరువాతే టీకా మాట. ఇంట్లో పెద్దామె ఉంటే ఆమెను లోపలికి రమ్మంటాం, ఇంటర్‌ప్రెటర్‌కు అదనపు సమయం కేటాయిస్తాం; ఆ సమయానికి బీమా డబ్బు రాదు, క్లినిక్కే భరిస్తోంది. ఆడపడుచు మాత్రం మారలేదు. ఆమె చిన్నపిల్లలకు ఇప్పటికీ ఆ టీకా లేదు. వదినా మరదళ్లు ఈ విషయం మీద వాదించుకోరు, ఇద్దరూ ఆ గ్రూపులోనే ఉన్నారు, అయూతోలో ఇద్దరి వంతులూ నడుస్తున్నాయి.